తడి ఆరని గీత

నంద్యాల మార్కెట్‌లో భాస్కరయ్య శెట్టిని మోసం చేసినవాడు ఇంతవరకు పుట్టలేదని చెప్పుకుంటారు. శనగల బస్తా పైన గింజ ఎంత నిగనిగలాడినా ఆయన దాని వంక చూడడు. చేతిలో ఒక ఇనుప గొట్టం ఉంటుంది. దాన్ని బస్తా అడుగుకంటా గుచ్చి, లోపలి గింజ బయటికి లాగి, పంటి కింద పెట్టి కొరికి, ఆ తర్వాతే బేరం మాట్లాడతాడు. పైన పటారం లోన లొటారం అన్నది ఆయన ఊతపదం. అంతటి మనిషి, కన్నకొడుకు పెట్టెలో ఇంటికొస్తే మాత్రం లోపలికి చూడలేకపోయాడు. మూత తీయొద్దన్నారు. ఆయన తీయలేదు.

ఇది పదకొండు నెలల కిందటి మాట. కొడుకు అభిలాష్ వాయుసేనలో పైలట్. ఉత్తరాదిన ఎడారి పక్కన ఎక్కడో, మామూలు సాధనకని పొద్దున్నే ఎగిరిన జెట్ ఇరవై నిమిషాల్లో ఇసుకలో పడిపోయింది. పిల్లవాడికి ఇరవై ఏడేళ్లు. జెండా కప్పిన పెట్టె వచ్చింది, తుపాకులు పేల్చారు, పెద్దలు దండలేసి ఫొటోలు దిగి వెళ్లిపోయారు. ఎందుకు పడిందయ్యా అని అడిగితే విచారణ జరుగుతోందన్నారు. ఇప్పటికీ అదే మాట.

ఊరి నోటికి విచారణ అక్కర్లేదు కదా. త్రాసు పట్టుకోవాల్సిన శెట్టి కొడుక్కి విమానమెందుకని మొదట్లోనే నవ్వినవాళ్లున్నారు. ఇప్పుడు టీ కొట్టు దగ్గర ఎవడో, పిల్లోడే తత్తరపడి ఏదో చేసుంటాడని అన్నాడట. ఆ మాట భాస్కరయ్య చెవిన పడింది. అప్పటి నుంచి ఆయనకు అనుమానం జబ్బులా పట్టుకుంది. పాము కరిచినవాడికి తాడును చూసినా భయమే. పోస్టులో వచ్చిన కాగితాన్ని ఎండకు పట్టి చూసేవాడు. భార్య శారదమ్మ ఫోన్లో గొంతు తగ్గిస్తే ఎవరితోనని అడిగేవాడు. ఆమె, పాపం, కూతురు వాసవితో ఏడుస్తూ ఉండేది.

అభిలాష్‌తో కలిసి పనిచేసిన అజయ్ కుమార్ అనే కడప పిల్లవాడు సెలవులో ఒకసారి చూడ్డానికి వచ్చాడు. ఎందుకు పడిందో తనకూ తెలియదన్నాడు. తెలిసింది ఒకటే, ఆ విమానం వయసులో వాళ్లిద్దరి కంటే పెద్దదట. వయసు మీరిన వాటికి పరీక్షలు చేసి గడువు పెంచుకుంటూ పోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నదేనట. కొత్తవి వచ్చేదాకా పాతవే ఎగరాలి కదా అంకుల్ అన్నాడు.

భాస్కరయ్య వాడి ముఖంలోకే చూశాడు. "అంటే, ఇంకొన్నాళ్లు లాగుతుందిలే అని యెవడో ఒకడు అనుంటాడు గదా. ఆ నోరు యెవరిదో చెప్పు నాకు."

అజయ్ కుమార్ తల వంచుకుని కాఫీ తాగి వెళ్లిపోయాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడు చూడు అని శారదమ్మతో అన్నాడు భాస్కరయ్య. నీళ్లు నిండిన కళ్లతో కూర్చున్న పిల్లవాణ్ణి పట్టుకుని అనాల్సిన మాట కాదు. కానీ ఆయనకు ఆ నోరు కావాలి. దానికి ఒక పేరు దొరికితే చాలు, తన కొడుకు పేరు కడిగినట్టవుతుందని ఆయన నమ్మకం.

ఆ నోరు దొరక్క, విగ్రహం ఆలోచన చేశాడు. సంవత్సరీకం రోజుకల్లా అభిలాష్ చదువుకున్న స్కూలు ఆవరణలో నిలువెత్తు రాతి విగ్రహం లేవాలి. కలెక్టరు రావాలి, యూనిఫాం వేసుకున్న అధికారులు వచ్చి దానికి సెల్యూట్ కొట్టాలి. టీ కొట్టు నోళ్లన్నీ మూతపడాలి. అనుమతులు తెచ్చాడు, తేదీ ఖాయం చేశాడు, కార్డులు అచ్చు వేయించాడు. విగ్రహాలకు ఆళ్లగడ్డ ఉండనే ఉంది. అక్కడ ముప్పై ఏళ్లుగా ఉలి పట్టిన చెన్నకేశవులు ఆచారికి పని అప్పజెప్పాడు.

మొదటి నాలుగు నెలలూ సాఫీగా నడిచింది. వారానికోసారి శిరివెళ్ల మీదుగా బస్సులో పోయి చూసొచ్చేవాడు. నల్లరాతిలోంచి ముందు భుజాలొచ్చాయి, తర్వాత చంకలో హెల్మెట్ వచ్చింది, ఆ తర్వాత ముఖం వచ్చింది. ఎడమ కనుబొమ్మ మీద చిన్నప్పటి గాటును కూడా ఆచారి వదల్లేదు. ఆ రోజు ఇంటికొచ్చి శారదమ్మతో, వాడు వస్తాండాడే అన్నాడు.

మూడు వారాల నుంచే తేడా కొట్టింది. విగ్రహం చూపించమంటే మెరుగు పెడుతున్నామని, దుమ్ము పడకుండా కప్పామని ఏవేవో చెప్పాడు ఆచారి. పనివాడు పుల్లయ్య ఈయన్ను చూడగానే ముఖం తిప్పుకుని బీడీ కోసం బయటికి పోయాడు. షెడ్డు మధ్యలో కొత్త బండ ఒకటి నిలబెట్టి ఉంది. ఎవరిదది అంటే వేరే పని అన్నాడు ఆచారి, తడబడుతూ. భాస్కరయ్య బస్టాండు దాకా అదే తలపోసుకుంటూ నడిచాడు. ఎవరో పెద్ద నాయకుడి మనుషులు వచ్చుంటారు, తొందరగా విగ్రహం కావాలని ఉంటారు, వీడు నా కొడుకు తల మార్చి వాళ్లకు అంటగట్టి ఉంటాడు. బస్సులో నంద్యాల చేరేలోగా ఆ కథకు ఆయన కాళ్లూ చేతులూ కూడా అమర్చేశాడు.

తేదీకి ఇంకా పద్నాలుగు రోజులుందనగా, ఫోన్ చేయకుండా మొదటి బస్సెక్కాడు. ఆళ్లగడ్డలో దిగి షెడ్డుకు పోతే ఆచారి లేడు, టిఫిన్‌కు పోయాడట. పుల్లయ్య ఒక్కడే ఉన్నాడు. ఈయన్ను చూసి, కూర్చో శెట్టిగారూ, పిల్చుకొస్తా అని పరుగులాంటి నడక నడిచాడు. ఆ కంగారు చూశాక భాస్కరయ్య కూర్చుంటాడా? షెడ్డు వెనక్కి పోయాడు.

అక్కడ విరిగిన నందులు, చేతుల్లేని ద్వారపాలకులు, రాతి చెక్కలు పడున్నాయి. వాటి వెనక, గోడ వారన, మనిషి పొడవున గోనెపట్టాలు కప్పి ఉన్నాయి. భాస్కరయ్య ఆగిపోయాడు. మూత తీయొద్దు అన్న గొంతు మళ్లీ వినిపించింది. అప్పుడు విన్నాను, ఇప్పుడు వినను అనుకుని, వంగి పట్టా లాగేశాడు.

కొడుకు వెల్లకిలా పడుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. అదే ముఖం, అదే గాటు, పెదవి చివర ఆ దాచుకున్న నవ్వు. ఎవరూ తల మార్చలేదు. భాస్కరయ్య పక్కన కూర్చుని ఆ గాటు మీద వేలు పెట్టాడు. ఏడాదిగా రాని ఏడుపు అప్పుడొచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది.

పుల్లయ్యను వెంటబెట్టుకుని ఆచారి వచ్చేసరికి ఆయన లేచి నిలబడి ఉన్నాడు. "నా కొడుకును గోనెపట్టాల కింద పడేస్తివి. ఏం తప్పు చేసినాడని దాస్తివి ఆచారీ?"

"తప్పు పిల్లోనిది కాదప్పా" అన్నాడు చెన్నకేశవులు. "రాతిది."

ఇక దాచి లాభం లేదని తెలిసి, ఆయన ఒక చిన్న సుత్తి తెచ్చాడు. విగ్రహం రొమ్ము మీద తట్టాడు. ఖంగుమని గంటలా పలికింది. భుజం మీద, నడుము మీద తట్టినా అదే పలుకు. మోకాలి కింద తట్టాడు. పగిలిన కుండ మీద తట్టినట్టు మొద్దుగా వినిపించింది. తర్వాత బకెట్టు తెచ్చి కాళ్ల మీద నీళ్లు గుమ్మరించి, ఓ ఐదు నిమిషాలు ఓపిక పట్టండి శెట్టిగారూ అన్నాడు.

ముగ్గురూ ఎండలో నిలబడి రాయి ఆరడం చూశారు. తొడలు ఆరాయి, బూట్లు ఆరాయి. మోకాలి కింద నుంచి మడమ దాకా, వెంట్రుకంత సన్నటి గీత ఒకటి మాత్రం తడిగా నల్లగా మిగిలిపోయింది. లోపలికంటా నెర్రె ఉంటేనే నీళ్లు అట్లా పట్టుకుంటాయని ఆచారి చెప్పాడు. బండ కొన్నప్పుడు బాగానే పలికిందట. కాళ్ల నడిమి రాయి చెక్కి తీసేశాక బయటపడిందట. ఆ రోజే పని ఆపి, షెడ్డులో ఉన్న ఆ కొత్త బండ తెచ్చుకుని మళ్లీ మొదలుపెట్టాడట. అది కూడా అభిలాషే. కానీ పూర్తయ్యేసరికి ఇంకో మూడు నెలలు పడుతుంది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ముఖం చూసి మీరు ఆ పొద్దు ఎట్ల పోయినారో నేను చూస్తిని గదా. మళ్లీ యే నోటితో చెప్పేది?"

భాస్కరయ్య బుర్రలో తేదీ తిరుగుతోంది. కార్డులు పంచేశాడు. కలెక్టరు ఒప్పుకున్నాడు. ఢిల్లీ నుంచి అధికారి టికెట్టు తీసుకున్నాడు. ఇప్పుడు విగ్రహం లేదంటే ఊరు ఊరుకుంటుందా? అసలు విషయం ఏదో తేలింది, అందుకే ఆపేశారు అంటుంది. ఆ టీ కొట్టు నవ్వు ఆయనకు ఇక్కడికే వినిపించింది.

పుల్లయ్య మెల్లగా గొంతు సవరించుకున్నాడు. రాతిపొడి, జిగురు కలిపి నింపి, రుద్ది, నూనె పెడితే బ్రహ్మదేవుడికి కూడా కనపడదని, ఆ మాట తను మొదటి రోజే చెప్పినా ఆచారి తిట్టాడని అన్నాడు.

భాస్కరయ్యకు ప్రాణం లేచొచ్చింది. నింపితే ఎన్నాళ్లు నిలబడుతుందని అడిగాడు. పదేళ్లు నిలబడొచ్చు, పదిహేను నిలబడొచ్చు, రెండేళ్లకే ఎండకూ వానకూ జిగురు వదలొచ్చు, చెప్పలేమన్నాడు ఆచారి. పడేది స్కూల్లో శెట్టిగారూ, కింద పిల్లోళ్లు ఆడుకుంటాంటారు అన్నాడు.

"రేపే పడిపోతుందా ఏంది? చుట్టూ కంచె వేయిస్తా. యేడాదికోసారి నువ్వే వచ్చి చూసిపో. తేదీ దగ్గరికొచ్చె, అందరికీ చెప్పుకుంటిమి. నింపెయ్ ఆచారీ. ఇంకొన్నాళ్లు లాగుతుందిలే."

చెన్నకేశవులు ఆయన్ను కాసేపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. "సరే. నింపుతా. మీ విగ్రహం, మీ ఇష్టం. రేపు యెవరన్నా అడిగితే చెప్పాల గదా, ఆ మాట పుల్లయ్య ముందర ఇంకోసారి చెప్పండి, చాలు."

భాస్కరయ్య నోరు తెరిచాడు.

నాలుక దాకా వచ్చిన మాట అక్కడే నిలిచిపోయింది. తన ఇంట్లో, తన కుర్చీలో కూర్చుని, తల వంచుకున్న ఆ కడప పిల్లవాణ్ణి ఈ మాట గురించే కదా తను నిలదీసింది. ఆ నోరు ఎవరిది అని ఏడాదిగా ప్రతి ముఖంలోకీ గొట్టం గుచ్చి చూశాడు. అది రాక్షసుడి నోరై ఉంటుందనుకున్నాడు, దొంగ నోరై ఉంటుందనుకున్నాడు. తీరా చూస్తే ఎవడికో ఒక తేదీ ఉంటుంది, రావలసినవాళ్లు ఉంటారు, నింపిపెట్టే పుల్లయ్య ఒకడుంటాడు. ఆ మాట అనడానికి ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. తనదాకా వస్తేగానీ తెలియదంటారు, ఇప్పుడు వచ్చింది. ఆయనకు తన మీద అసహ్యం వేసింది.

రాతి చెక్క మీద కూర్చున్నాడు. పుల్లయ్య నీళ్లు తెచ్చిస్తే తాగాడు. తర్వాత ఫోన్ తీసి శారదమ్మకు కలిపాడు. విగ్రహం ఆ తేదీకి కాదు, కలెక్టరు ఆఫీసుకు, అందరికీ చెప్పాల, నేనొచ్చి చెప్తా అన్నాడు. అవతల ఆమె వెంటనే అందుకుంది. ఆచారి మోసం చేసినాడా అని అడిగింది. ఏడాదిగా మొగుడి పక్కన ఉండి ఆమెకూ అదే అలవాటైంది మరి.

"లేదే" అన్నాడు భాస్కరయ్య. "మోసం నేను చేయబోతి. ఆయప్ప చేయనీలా."

ఫోన్ జేబులో పెట్టుకుని, దీన్నేం చేస్తారని అడిగాడు. నెర్రె ఉన్న విగ్రహాన్ని ఉంచకూడదని, ఉంచితే ఎవడో ఒకడు నింపి ఎక్కడో ఒకచోట నిలబెడతాడని ఆచారి చెప్పాడు. పగలగొట్టాల్సిందే. మూడు వారాలుగా రోజూ పొద్దున సమ్మెట పట్టుకుని వెనక్కి వచ్చి, ఆ ముఖం చూసి, మళ్లీ పట్టా కప్పి పోతున్నాడట. మీరు బస్సెక్కినాక కొడతాలే శెట్టిగారూ, మీరు పోండి అన్నాడు.

భాస్కరయ్య భుజం మీది తువ్వాలు తీసి, కొడుకు ముఖం మీది రాతిపొడి తుడిచాడు. గాటు దగ్గర మళ్లీ ఒకసారి తుడిచాడు.

"అప్పుడు నన్ను చూడనీలేదు" అన్నాడు. "ఇప్పుడు చూస్తా. కొట్టు ఆచారీ, నేనీడనే ఉంటా."

చెన్నకేశవులు సమ్మెట ఎత్తాడు. మొదటి దెబ్బ మోకాలి కింద వేశాడు. ఆ ఒక్క దెబ్బకే కాలు గీత వెంబడి రెండుగా విడిపోయింది. భాస్కరయ్య వంగి, విడిపోయిన రాయి లోపలి ముఖాన్ని వేలితో తడిమి చూశాడు. అది ఇంకా తడిగానే ఉంది.