అరుణమ్మకు లేని జబ్బు

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. సిటీ బస్సు డ్రైవరు లచ్చయ్య ఆడిన అబద్ధం మరీ అతికిపోయింది. అదే అతని ఖర్మ.

ఇరవై ఏళ్లుగా జీతంలోంచి కోతపడుతూ పోగైన పీఎఫ్ అంటే అతని భార్య అరుణమ్మకు దేవుడి హుండీతో సమానం. "గది మాత్రం ముట్టకు. కాళ్లు చేతులు ఆడనినాడు మనకు గంజి పోసేది గదే" అనేది.

లచ్చయ్య ముట్టాడు. నాదర్‌గుల్‌లో ప్లాటు చూపించి, ఇది విమానాలు దిగే ఊరు, రేపు రేటు కూడా నేల మీద నిలవదని బ్రోకరు ఊరించాడు. ఆశ పుట్టిన మనిషికి పెళ్లాం మాట చెవికెక్కుతుందా? ప్లాటు కోసమని పీఎఫ్ అడిగితే కాగితాలు చూపించాలి. ఆ వెంచరుకు కాగితాలు సరిగా లేవు. అందుకని భార్యకు కడుపులో గడ్డ, ఆపరేషన్ చేయించాలని డిపోలో చెప్పాడు. తెలిసిన కాంపౌండరు సర్టిఫికెట్ తెచ్చిపెట్టాడు. వచ్చిన డబ్బంతా బ్రోకరు చేతిలో పోసి, రిజిస్ట్రేషన్ అయ్యాక అరుణమ్మకు చెబుదామనుకున్నాడు. అంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. రిజిస్ట్రేషన్ ఆఫీసు మూతపడింది, బస్సులు ఆగాయి, జీతమూ ఆగింది.

దిల్‌సుఖ్‌నగర్ సమ్మె టెంట్లో లచ్చయ్యది పెద్ద గొంతు. తన బస్సు కండక్టరు త్రినాథరావుది గోదావరి జిల్లా. అతనూ జీతం వదులుకుని టెంట్లోనే కూర్చునేవాడు. అయినా లచ్చయ్య ఊరుకునేవాడు కాదు. "నీకేంది రావుసాబ్, తెలంగాణ ఒస్తే ఏంది, రాకుంటే ఏంది" అని నలుగురిలో దెప్పేవాడు. త్రినాథరావు నవ్వేసేవాడు.

ఒక సాయంత్రం సరూర్‌నగర్‌లో లచ్చయ్య కిరాయింటికి ఆ త్రినాథరావే వచ్చాడు, భార్య ఇందిరాదేవిని వెంటబెట్టుకుని. వెనక ముగ్గురు డ్రైవర్లు. ఆపరేషన్ సంగతి డిపో అంతా పాకిందట.

సరిగ్గా అప్పుడే అరుణమ్మ నిండు బిందె చంకనెత్తుకుని మెట్లెక్కి వస్తోంది.

"అయ్యో వదినగారూ, కుట్లు మానకుండానే బరువులా!" అంటూ ఇందిరాదేవి బిందె అందుకుంది.

"ఏం కుట్లు..." అంటూ అరుణమ్మ మొగుడి వైపు చూసింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడతను. ఆ మొహంలో ఆమెకు ఏం కనిపించిందో గానీ, కడుపు మీద చెయ్యి పెట్టుకుని, "జర నయమే వదినా" అని వెళ్లి మంచమెక్కింది.

ఇందిరాదేవి కారం తగ్గించి వండిన పప్పు క్యారియర్‌లోంచి తీసి పెట్టింది. త్రినాథరావు ఒక కవరు లచ్చయ్య చేతిలో పెట్టాడు. "పీఎఫ్ అంతా ఊడ్చి ఆపరేషన్ చేయించారట కదా. టెంట్లో తలా కొంచెం వేశారండీ. మందులకు ఉంచండి."

లచ్చయ్యకు తల కొట్టేసినట్టయింది. జీతాల్లేక ఇంట్లో పప్పుకు కూడా వెతుక్కుంటున్న వాళ్ల డబ్బు అది. వాళ్లు బయల్దేరగానే వెనకే గల్లీలోకి పరుగెత్తి, త్రినాథరావును పక్కకు పిలిచాడు.

"రావుసాబ్, ఆమెకు ఏ రోగం లేదు. ప్లాటు కొన్న. గీ పైసలు తీస్కపో."

త్రినాథరావు ఈసారి నవ్వలేదు.

"టెంట్లో మాత్రం అనకండి" అన్నాడు. "ఇది తెలిస్తే రేపు నిజంగా జబ్బుపడ్డవాడికి ఎవరూ పైసా తియ్యరు. మీ దగ్గరే ఉంచండి. అలాంటివాడు వస్తే మీ చేత్తోనే ఇద్దురుగాని."

చెంప మీద కొట్టినా లచ్చయ్యకు ఇంత సిగ్గయ్యేది కాదు. కాళ్లీడ్చుకుంటూ ఇంట్లోకొచ్చాడు. అరుణమ్మ దుప్పటి కప్పుకుని పడుకునే ఉంది.

"పోయిండ్రా?"

"పోయిండ్రు."

"పీఎఫ్ అంత పాయెనా?"

లచ్చయ్య తల దించుకున్నాడు. ఆమె తిట్టలేదు, ఏడవలేదు.

"ఇగ లేవచ్చునా?" అంది.

అతను కవరు గూట్లో పెడుతూ అన్నాడు. "రేపు పొద్దుగాల డిపో మెకానిక్కులు ఒస్తరట... నిన్ను చూడనీకె."

అరుణమ్మ గోడవైపు తిరిగి, దుప్పటి మీదికి లాక్కుంది.