అక్క లేచి వెళ్లిన పేజీలు

“చదివేసిన పుస్తకాలేగా, మరదలా! అటక ఖాళీ చేస్తూ పాత పేపర్లతో పాటు వేసేశాను” అన్నారు బావగారు. అప్పటికి అక్క పోయి నలభై రోజులు. భార్య పోయిన మనిషితో పుస్తకాల కోసం పోట్లాడటం బాగుండదని ఊరుకున్నాను.

మా బడి పక్కన పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు అమ్మే ఆయనకు మాత్రం ఒక నవల పేరు చెప్పి ఉంచాను. బానిసలుగా అమ్ముడుపోయిన మనుషుల కథ. అక్కకు నేనే ఇచ్చాను. మూడోవారం ఆయన ఒక కాపీ తీసి, “నిండా పెన్సిల్ రాతలు మేడమ్. శుభ్రమైనది వచ్చాక తీసుకోండి” అన్నాడు. అది అక్క రాత. ఇదే కావాలన్నాను.

అక్క పేజీలు మడవదు. చదువుతూ లేవాల్సి వస్తే, ఆగిన వాక్యం పక్కన ఎందుకు లేచిందో రాసుకునేది. ‘పాలు.’ ‘మామగారి మాత్ర.’ ‘ఈయన కళ్లజోడు. నెత్తిమీదే ఉంది.’ ‘ఆడపడుచు ఫోను.’ ‘మళ్లీ కళ్లజోడు.’ నాకు నవ్వొచ్చింది. తల్లినీ బిడ్డనూ విడదీసి అమ్మబోయే చోట ఒక్క పేజీలోనే నాలుగుసార్లు లేచింది. ఆ కథనూ అక్క కాపురాన్నీ ఒకే తక్కెడలో పెట్టను. అక్కను ఎవరూ కొనలేదు, కొట్టలేదు. ఆ ఇంట్లో గొంతు పెంచిన వాళ్లే లేరు. “నువ్వు కలిపితేనే కాఫీ, అమ్మాయ్” అని మామగారు, “నువ్వు లేకపోతే నాకు చెయ్యి విరిగినట్టే” అని బావగారు. అందరూ ముద్దుగానే పిలిచారు. అంత మెత్తగా పిలిస్తే లేవకుండా ఎలా కూర్చుంటుంది?

రెండువందల పన్నెండో పేజీలో, ఆ తల్లి బిడ్డను ఎత్తుకుని పారిపోతున్న చోట, ‘చుట్టాలు’ అని ఉంది. ఆ తర్వాత ఒక్క రాతా లేదు. కొన్ని పేజీలు ఇంకా అతుక్కునే ఉన్నాయి.

నాతో మాత్రం పూర్తయిందని చెప్పింది. ప్రతి ఆదివారం ఫోన్లో, పిల్లల్ని హోంవర్కు అడిగినట్టు “అయిందా?” అనేదాన్ని. “అయిందే, పంతులమ్మా! ఇక నన్ను వదిలిపెట్టు” అని ఒకరోజు నవ్వింది. నేను ఉత్సాహంగా ముగింపు గురించి చెప్పుకుంటూ పోయాను.

“అంటే, ఆ తల్లీ బిడ్డా వాళ్లకి దొరకలేదన్నమాట” అంది అక్క.

“చదివావుగా!”

“ఆఁ, చదివాను. నీ నోట వింటే ఇంకా బాగుంది.”

నాకు తట్టనే లేదు. చదివిందా లేదా అని అడిగానే తప్ప, చదువుకోనిస్తున్నారా అని ఒక్కసారీ అడగలేదు. తీరిక లేదని చెప్పడానికి నా దగ్గర కూడా సిగ్గుపడింది.

ఈరోజు మధ్యాహ్నం దిద్దాల్సిన పేపర్లు పక్కకు జరిపి, రెండువందల పదమూడో పేజీ తీశాను. పైకే చదవడం మొదలుపెట్టాను, అక్కకు వినపడేంత. రెండు పేజీలు అయ్యాయో లేదో, ముందుగదిలోంచి మా ఆయన మెత్తగా, “ఏమోయ్, టీ సంగతేమైనా ఉందా?” అన్నారు. నేను ఏమీ అనుకోకముందే నా కాళ్లు కుర్చీని వెనక్కి నెట్టాయి. లేచి నిలబడ్డాక చూసుకున్నాను. మళ్లీ కూర్చున్నాను.

ఆయన గుమ్మం దాకా వచ్చి, “ఎవరితో మాట్లాడుతున్నావ్?” అన్నారు.

“అక్కతో. చదువుకుంటున్నాం. మమ్మల్ని పిలవకండి.”