ఫౌల్ లేని ఫైనల్

మా తమ్ముడు మునినారాయణవి చెడుగుడు చేతులు. దిబ్బూరహళ్ళి దుమ్ములో ఆడి పెరిగినవాడు, పక్కనుంచి మనిషి పరుగెత్తితే చాలు, పట్టుకోకుండా ఉండలేడు. అలాంటివాణ్ణి బాస్కెట్‌బాల్‌లోకి తెస్తే ఏమవుతుంది? సగం ఆట కాకముందే ఐదు ఫౌళ్ళు అయిపోయేవి. ఐదైతే బయటికి పోవాలని రూలు. ఎగిరితే వలయం అందుకునేవాడు, చింతామణి మొత్తంలో వాడి అంత ఎత్తు ఎగిరేవాడు లేడు, కానీ ఏ ఆటా చివరిదాకా ఆడింది లేదు.

ఇది అరవై ఒకటో సంవత్సరం మాట. నేను చింతామణికి కాపురానికి వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. మా ఆయన వెంకటరామప్పకు బజారులో బొరుగుల అంగడి. తమ్ముడు చదువు ముగించి మా దగ్గరే ఉండేవాడు. దిబ్బూరహళ్ళిలో మా పుట్టింట్లో పట్టుపురుగులకు రోగం తగిలి రెండు పంటలు వరసగా పోయాయి. ఇక వాడికి మిగిలింది బండపని చేయించే పిళ్ళప్ప వెంట రాళ్ళు కొట్టడానికి పోవడమే.

ఆ పిళ్ళప్పే బాస్కెట్‌బాల్ కోర్టుకు స్తంభాలు పాతించాడు. కొయ్యవి పాతితే ఏడాది తిరక్కుండా చెదలు తింటాయని, మావైపు చేలకు కంచె వేసే రాతి కూసాలనే బాగా పొడుగ్గా కొట్టించాడు. కూసం తలకు ఒక పలక, పలకకు ఇనుప వలయం. స్తంభం కోర్టు చివరి గీతకు వెనక్కి ఉండాలని స్కూలు డ్రిల్ మేష్ట్రు చెప్పాడు, ఆటకు విజిలు ఊదేదీ ఆయనే. వెనక తవ్వితే పరుపుబండ తగిలింది, గుంత దిగలేదు. సరే పోనిమ్మని గీత మీదే నిలబెట్టారు.

"రాయి యాడికి పోతాదప్పా? ఆడేవాడే చూసుకోవాల" అన్నాడు పిళ్ళప్ప.

సాయంత్రమైతే మా అంగడి అరుగు మీద సభ. శెనక్కాయల వ్యాపారి సుబ్బరాయప్ప పెద్దమనిషి, ఆయనకు ఈ ఆటంటే గిట్టదు, కానీ ఒక్క ఆట కూడా మానడు.

"ముట్టుకోగూడదు, పట్టుకోగూడదు, తొయ్యగూడదు. ఇది ఆటనా, మడినా?" అనేవాడు.

"నాకదిగాదప్పా," అనేవాడు పిళ్ళప్ప, "ఆ కొననుంచి గురిచూసి వేసినా రెండే, వలయం కింద నిలబడి వేసినా రెండే. దూరానికి ఒకటి ఎక్కువ ఇయ్యాల గదా?"

"పుస్తకంలో అట్లనే ఉండాది" అనేవాడు మా ఆయన.

"పుస్తకం రాసినోడు చింతామణి జనాన్ని చూసినాడా? పోయిన వారం సగంలోనే లేచిపోయినారు. ఆ విజిలు! పెండ్లిలో నాగసరం గూడా అంతసేపు ఊదరు" అన్నాడు సుబ్బరాయప్ప.

నేను లోపల బొరుగులు కొలుస్తూ నవ్వుకునేదాన్ని.

చిక్కబళ్ళాపురం వాళ్ళతో ఫైనల్ ఆదివారమని ఖాయమైంది. ఆ వారంలోనే డ్రిల్ మేష్ట్రు మా అంగడికి వచ్చి, బెంగళూరులో ఒక పెద్ద ఫ్యాక్టరీ టీముకు ఎత్తుగా ఎగిరే కుర్రవాడు కావాలనీ, ఫైనల్ చూడడానికి వాళ్ళ మనిషి వస్తున్నాడనీ చెప్పాడు. పేరుకు ఫ్యాక్టరీ పని, అసలు పని ఆడడమే.

"బంతి ఆడితే జీతమా!" అన్నాడు సుబ్బరాయప్ప. "మేము చెడుగుడు ఆడి కాళ్ళిరగ్గొట్టుకుంటే మా నాయన తన్నె."

"ఒకటే ఇబ్బందమ్మా," అన్నాడు మేష్ట్రు నావైపు చూసి. "ఆయన బస్సు దిగి వచ్చేసరికి రెండో సగం మొదలైపోయి ఉంటాది. అప్పటికి మీవాడు కోర్టులో ఉండేది అనుమానమే."

ఆ రోజు తమ్ముడు అన్నం ముందు కూర్చుని తినలేదు. "పట్టుకోగూడదు అనుకుంటానే ఉంటానక్కా. చెయ్యి దానంతట అదే పోతాది" అన్నాడు.

మరునాడు సభ మళ్ళీ విజిలు దగ్గరికి వచ్చేసరికి నేను చేటతో సహా వాకిట్లోకి వచ్చాను. ఆడవాళ్ళు మధ్యలో మాట్లాడే కాలం కాదు అది. అయినా అన్నాను: "ఐదుకు బయటికి పంపే రూలు ఎందుకప్పా మనకు? ఫైనల్ ఒక్కదానికి ఫౌళ్ళు లెక్కపెట్టకండి. ఊదకండి. జనం గూడా లేచిపోరు."

మా ఆయన "నీకేం తెలుసే, లోపలికి పో" అన్నాడు. కానీ పిళ్ళప్ప తొడ చరిచి లేచాడు.

"అట్ల చెప్పక్కా! అందరం అనేదీ అదే!"

సుబ్బరాయప్పకూ నచ్చింది. "ఇప్పుడు ఆటైతాది చూడు" అన్నాడు. అందరూ కలిసి మేష్ట్రు ఇంటికి పోయారు. ఆయన చాలాసేపు ఒప్పుకోలేదట. చివరికి, బంతి గీత దాటితే ఊదుతాను, సగమైతే ఊదుతాను, ఫౌల్‌కు ఊదను అన్నాడు. చిక్కబళ్ళాపురం వాళ్ళు కూడా సరే అన్నారు.

ఆదివారం జనం ఎంత వచ్చారంటే కొందరు ఎద్దులబండ్ల మీద నిలబడి చూశారు. నేను ఒక కూసానికి నాలుగు మూరల దూరంలో ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. ఊదడం లేకపోయేసరికి ఆట మంటలాగా అంటుకుంది. ఒకణ్ణొకడు తోసుకోవడం, చొక్కాలు చినగడం, లేచి మళ్ళీ పరుగెత్తడం. జనం అరిచి అరిచి గొంతులు పోగొట్టుకున్నారు. నేనూ అరిచాను, దాచడమెందుకు. రెండో సగంలో బెంగళూరు మనిషి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మా తమ్ముడు కోర్టులోనే ఉన్నాడు. నేను మొక్కని దేవుడు లేడు.

ఆఖరి నిమిషంలో వాళ్ళవీ ముప్పై రెండే, మావీ ముప్పై రెండే. బంతి తమ్ముడి చేతికి వచ్చింది. నేను కూర్చున్న వైపు వలయానికే పరుగెత్తుకుంటూ వచ్చి ఎగిరాడు. వాళ్ళ చెన్నరాయప్ప పక్కనుంచి భుజంతో వచ్చి గుద్దాడు. మేష్ట్రు అలవాటు కొద్దీ విజిలు ఊదేశాడు. బంతి అప్పటికింకా తమ్ముడి చేతిలోనే ఉంది. ఆ తరవాత వదిలాడు. అది వలయం మీద ఒక చుట్టు తిరిగి లోపల పడింది.

జనమంతా బంతినే చూశారు. నేనూ బంతినే చూశాను. లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. తల రాతికి తగిలిన చప్పుడు విన్నాను, కానీ అది ఏమిటో నాకు తెలియలేదు. కిందికి చూసేసరికి వాడు కూసం మొదట్లో ముడుచుకుని ఉన్నాడు.

ఆసుపత్రిలో రెండో రోజు మధ్యాహ్నం కళ్ళు తెరిచాడు. మొదట అడిగింది ఆ మాటే.

"అక్కా, పడిందా?"

"పడింది నాయనా."

"లెక్కలోకి తీసుకున్నారా?"

కనుక్కుని వస్తానని బయటికి వచ్చాను. మెట్ల మీద మా సభ మొత్తం ఉంది, మేష్ట్రు ఒళ్ళో స్కోరు పుస్తకం తెరిచి ఉంది. వాళ్ళూ దాని గురించే కొట్లాడుకుంటున్నారు.

"విజిలు ఊదినప్పుడు బంతి చేతిలోనే ఉండె," అంటున్నాడు సుబ్బరాయప్ప. "ఊదినాక ఆట చచ్చింది. పడినా లెక్క లేదు."

"అది ఫౌల్‌కు ఊదినది గదప్పా! ఎగిరినోణ్ణి గుద్దితే ఆ బంతి పడేదాకా లెక్కే!" అన్నాడు పిళ్ళప్ప.

"ఫౌల్ లేదంటిమి గదరా మనమే!"

మెట్ల కింద చెన్నరాయప్ప నిలబడి ఉన్నాడు. మీసాలు సరిగా రాని పిల్లవాడు. రెండు రోజులుగా ఊరికి పోలేదట. "ఫౌల్ లేదన్నారనే అట్ల పోతినమ్మా," అన్నాడు నాతో. "లేకుంటే పోతాంటినా?"

మేష్ట్రు పెన్ను మూసి నన్నే చూశాడు. "ఇద్దరూ చెప్పేది నిజమే. ఫౌల్ అని రాస్తే బుట్ట చెల్లుతాది, మనం గెలిచినట్లు. రాయకుంటే చెల్లదు, ఇద్దరూ సమానం. ఊదొద్దని మొదట అడిగింది మీరు. ఇప్పుడు ఏం రాయమంటారో గూడా మీరే చెప్పండి."

"బెంగళూరాయన ఏమన్నాడప్పా?" అని అడిగాను.

మేష్ట్రు చూపు పుస్తకం మీదికి తిప్పుకున్నాడు. "ఫౌల్ ఊదని చోట ఎవడు ఎట్ల ఆడతాడో తనకు తెలియదన్నాడు. ఇది చూసి ఎవర్నీ తీసుకోలేనని ఆ బస్సుకే పోయినాడు."

చెన్నరాయప్ప నా ముఖంలోకే చూస్తున్నాడు. లోపల తమ్ముడు ఎదురుచూస్తున్నాడు. వాడికి ఉద్యోగం ఎటూ లేదు, ఆ రెండైనా ఉండనీ అనుకున్నాను. అంతకు మించి నేను ఆలోచించలేదు.

"ఫౌల్ అనే రాయండి" అన్నాను.

లోపలికి పోయి, ఇచ్చారు, మనమే గెలిచాం అని చెప్పాను. బెంగళూరు ఆయన దసరా అయినాక రమ్మన్నాడని కూడా చెప్పాను. వాడి కళ్ళు మూతపడుతున్నాయి, అయినా పెదవులు కదిలాయి.

"ఫౌల్ అయితే ఇంకొకటి వెయ్యాల గదక్కా నేను... గీత కాడ నిలబడి... ఎవరూ అడ్డం రాకుండా..."

"లేచినాక వేద్దువులే" అన్నాను.

బుధవారం పొద్దున పోయాడు.

చితి ఆరకముందే పోలీసులు వచ్చి మేష్ట్రు దగ్గర ఆ పుస్తకం తీసుకున్నారు. ఫౌళ్ళు వద్దని అరుగు మీద ఎవరు అన్నారో, అందరికంటే ముందు ఎవరు అన్నారో దాంట్లో ఉండదు కదా. ఫౌల్ చేసినవాడి పేరుకు ఒక్క గడి ఉంటుంది. ఆ గడిలో నేను రాయించిన పేరు చూసి, మా ఇంటి ముందునుంచే చెన్నరాయప్పను నడిపించుకుంటూ తీసుకుపోయారు. వాడు తల తిప్పి మా వాకిలివైపు చూశాడు. నేను తలుపు వెనక్కి జరిగాను.