కూత ఎవరిది

తుంగభద్ర కాలవ పనికి ఆదోని పక్కనుంచి వచ్చిన ఆ ముఠాకు మేస్త్రీ అనేవాడు ఎన్నడూ లేడు. మోకులు, అంటే లావుపాటి తాళ్లు, కట్టి బండలు లాగేటప్పుడు బండ ఎటు ఒరుగుతోందో ఎవరికి ముందు కనబడితే వాళ్లు కూత ఎత్తుకుంటారు. మిగతావాళ్లు వంత పలికి ఆ ప్రకారమే లాగుతారు. ఇంకొకరికి ఇంకొకటి కనబడితే కూత వాళ్లకు పోతుంది. ఆడా మగా, చిన్నా పెద్దా అని చూడరు. నోట్లోంచి కూత లాక్కున్నారని మూతి ముడుచుకునేవాళ్లూ లేరు.

ఉరుకుందమ్మకు ఈ లోకంలో ఇష్టమైనది ఏదైనా ఉందంటే అదే. మొగుడు పోయినాక అత్తింట్లో గట్టిగా దగ్గినా తప్పే అన్నారు. ఇక్కడ ఆమె కూత వేస్తే మగవాళ్లు కదులుతారు, ఆగమంటే ఆగుతారు.

అంతా బాగా సాగుతుండగా జ్ఞానరాజు ఊడిపడ్డాడు. కర్నూలులో పాస్టరుగారి కొడుకు, మద్రాసులో చదువుతున్నాడు. కూలిజనం మేస్త్రీ లేకుండా పని ఎలా నడుపుకుంటారో, పెత్తనం ఒకరి నుంచి ఒకరికి ఎలా పోతుందో చూసి రాయడమే అతని చదువట. ఇటువంటి చదువులు కూడా ఉంటాయా అని ముఠా నవ్వుకుంది గానీ, ఎండలో అంత దూరం నడిచొచ్చి చెమటలు కక్కుతున్న మనిషిని చూసి జాలి పడింది.

"మీలో పెద్ద ఎవరు? ఎవరి మాట నడుస్తాది?" అని అడిగాడు.

ఎవరూ లేరంటే పాపం వచ్చినవాడు వట్టి చేతులతో పోవాలి. అది మర్యాద కాదు. ఒకరి మొహాలొకరు చూసుకుని, వయసులో పెద్దవాడు కదా అని గిడ్డయ్యను ముందుకు తోశారు. కంబన్న తన ఎర్ర రుమాలు విప్పి ఆయన తలకు చుట్టాడు. గిడ్డయ్య వద్దు వద్దంటూనే మీసం సవరించుకున్నాడు.

ఆ మర్యాద అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! అతిథి చూస్తుండగా మనం నోరు తెరిస్తే పెద్దాయనకు చిన్నతనమని ఎవరికి వారే నోళ్లు కట్టుకున్నారు. గిడ్డయ్య కట్ట మీద నిలబడి కూత వేయడం, ఆయనకు కనబడనిది ఎవరూ చెప్పకపోవడం, బండ వెనక్కి జారడం. నిన్న పొద్దస్తమానం ఇదే తంతు. కాలవకు అడ్డంగా కడుతున్న వంతెన రెండు గోడల మీదికెక్కాల్సిన బండ ఏటవాలు కట్ట మీద సగంలోనే ఉండిపోయింది.

ఈ పొద్దున కాంట్రాక్టరు వచ్చి తేల్చి చెప్పాడు. "పొద్దు గూకేలోగా బండ గోడల మీద కూర్చోవల్ల. లేదంటే రేపట్నుంచి నా మేస్త్రీ వస్తాడు. ఆడోళ్లు మన్ను గంపలెత్తాల, అంతే. మోకు ముట్టేది లేదు."

మన్ను మోయడానికి ఉరుకుందమ్మకు భయం లేదు. నోరు పోతుందనే భయం.

"ఏలేసా," గిడ్డయ్య కూత వేశాడు.

"ఐసా," అన్నారందరూ. బండ కదిలింది. వెనక పలుగు పట్టుకున్న ఉరుకుందమ్మకు బండ కింద దొర్లే దుంగ టక్కుమన్న చప్పుడు వినబడింది. వంగి చూసింది. దుంగ నిలువునా చీలుతోంది. ముందున్న గిడ్డయ్యకు అది కనబడే దారే లేదు. ఇంకొక్కసారి లాగితే బండ ఎడమకు బోర్లపడుతుంది. ఎడమవైపు కంబన్న ఉన్నాడు.

ఆమె ఎర్ర రుమాలు వైపు చూసింది. ముసలాయన పరువు, అతిథి ముందు మర్యాద, అన్నీ గుర్తొచ్చాయి. ఏమైతే అయిందని నోరు తెరిచింది.

"ఆగాల. అందరూ ఆగాల. మోకు వదలద్దండి."

అందరూ ఆగారు. "దుంగ పగిలింది మామా," అంది ఉరుకుందమ్మ, ఆయన కోపానికి సిద్ధపడుతూ. గిడ్డయ్య గబగబా దిగొచ్చి ఆమె పక్కన పలుగు దూర్చాడు. "చెప్పు పిల్లా, అడ్డం యాడ పెడ్దాం?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేకపోగా, ప్రాణం కుదుటపడిన మనిషి సంబరం ఉంది.

ఇక చూడాలి ఆ పని! అడ్డురాళ్లు పెట్టి, పగిలిన దుంగ తీసి కొత్తది వేశారు. ఉరుకుందమ్మ కూత ఎత్తుకుంది. మలుపులో కంబన్న లాక్కున్నాడు. కట్ట నిటారుగా ఎక్కే చోట గిడ్డయ్య అందుకున్నాడు. మళ్లీ ఉరుకుందమ్మ. బండ ఒళ్లు విరుచుకుని పైకి నడిచింది. జ్ఞానరాజుకు పట్టరాని ఉత్సాహం వచ్చేసింది. కూత ఎటు పోతే అటు పరుగెత్తుతూ, "ఇప్పుడెవరు? ఇప్పుడెవరు?" అంటున్నాడు.

"ఊరికే ఉరకద్దు సామీ, మోకు పట్టు," అన్నాడు కంబన్న. జ్ఞానరాజు చెప్పులు విడిచి, మోకు కొస చుట్టిన గుంజ పక్కన నిలబడి పట్టాడు.

బండ గోడ అంచు మీదికి వచ్చింది. అందరి కళ్లూ బండ మీదే ఉన్నాయి. గుంజ ఒరగడం ఒక్క జ్ఞానరాజుకే కనబడింది.

"ఆగాల," అన్నాడు. గొంతు కీచుమంది.

ముఠా మొత్తం ఆగిపోయింది. అతను బిత్తరపోయాడు. పుట్టి బుద్ధెరిగాక అంతమంది తన మాటకు ఆగడం ఇదే మొదలు. "గుంజ ఊడిపోతాంది," అన్నాడు మెల్లగా. కంబన్న ఉరికి వచ్చి గుంజ మొదట్లో రాళ్లు దట్టించాడు.

"నిలిపితివి గదప్పా, ఇంక నువ్వే లాగించు," అన్నాడు గిడ్డయ్య.

జ్ఞానరాజు కూత వేశాడు. రాగం మాత్రం చర్చిలోది. అయినా అందరూ ఐసా అన్నారు. బండ రెండు గోడల మీదా కదలకుండా కూర్చుంది. ఇంకా ఎండ ఉంది.

కాంట్రాక్టరు వచ్చి బండను కాలితో తన్ని చూసి జ్ఞానరాజు వైపు తిరిగాడు. "ఎవరు ఎత్తించినారప్పా? నువ్వు చూస్తాండావు గదా, పేరు చెప్పు. మేస్త్రీగా పెట్టుకుంటా."

"పేర్లు చెప్పాలంటే నా పేరు గూడా చెప్పల్ల సార్," అని జ్ఞానరాజు నవ్వాడు.

"నాకు దూరానికి ఈమె గొంతే వినపడినాది," అన్నాడు కాంట్రాక్టరు. "ఏమమ్మా, నువ్వే ఉండు మేస్త్రీగా."

ఉరుకుందమ్మ ఒళ్లు పొంగిపోయింది. కాలవ పొడుగునా ఆడ మేస్త్రీ యాడ ఉంది? అత్తింటివాళ్లు ఈ మాట వినాలి. ఆ సంతోషంతో ముఠా వైపు తిరిగింది. గిడ్డయ్య, కంబన్న, అందరూ చేతులు కట్టుకుని, నోళ్లు మూసుకుని, ఆమె ఏమంటుందా అని మర్యాదగా చూస్తున్నారు. నిన్న గిడ్డయ్య వైపు కూడా అలాగే చూశారు.

ఆమె మళ్లీ కాంట్రాక్టరు వైపు తిరిగింది.

"వద్దు సామీ," అంది. "నన్ను మేస్త్రీని చేస్తే, రేపు నా వెనక దుంగ పగిల్తే నాకు చెప్పేటోళ్లుండరు."

కాంట్రాక్టరు ఆమెనూ బండనూ మార్చి మార్చి చూశాడు. "రేపు రెండో బండ ఉండాది. మీ తిక్క ప్రకారమే కానీండి," అని వెళ్లిపోయాడు.