కప్పల ఎల్లప్ప

వానలు రాకపోవడానికి ఎల్లప్పే కారణమని చిన్నవెంకటమ్మ పాల డెయిరీ దగ్గర అన్నదట. ఎల్లప్ప పెండ్లాం మునెమ్మ ఆ మాటను ఒక్క చుక్క కూడా ఒలకకుండా ఇంటికి మోసుకొచ్చింది.

"కప్పను రోకలికి కట్టి ఇల్లిల్లూ తిప్పి నీళ్లు పోస్తే గదా మబ్బు కదిలేది. మనూర్లో ఒకడు ఆ కప్పల్నే డబ్బాకేసుకొని పోయి కాలేజీలో కోయిస్తా ఉండాడు, ఇంగ వాన యాడ నుంచి వస్తాది అన్నదంట. వరసలో నా ముందర నిల్చున్నామె చెప్పింది."

"నువ్వేమంటివి?"

"ఏమంటాను? మన పాలల్లో నీళ్లుండాయా అని చూస్తా ఉండిరి. గమ్మున నిల్చున్నాను."

ఎల్లప్ప వాకిట్లో గొంతుక్కూర్చుని రేకు డబ్బా మూతకున్న బొక్కల్లోకి ఊది దుమ్ము పోగొడుతున్నాడు. డబ్బాలో తడి గోనెపట్టా మీద ఒకే ఒక కప్ప కూర్చుని ఉంది. తెల్లవారకముందే లేచి చెరువుకు పోతే అడుగంతా నెర్రెలిచ్చి కనబడింది. డ్యాము కింద కాలవలో తుమ్మ మొలకలు లేచాయి. ఆఖరుకు జయరాం టమాటా తోటలో బోరునీళ్లు నింపే తొట్టి పగిలి కారుతున్నచోట, ఆ పిడికెడు బురదలో ఇది దొరికింది. ఒకప్పుడైతే తొలకరి పడిన మర్నాడు గోనెసంచి నోరు తెరిచి పట్టుకుంటే చాలు, అవే వచ్చి పడేవి.

ఈరోజు ఒక్కటి చాలన్నారు కాలేజీలో. ఆ మాటే అతన్ని భయపెడుతున్నది.

మనిషి సన్నం. తలమీద వెంట్రుక కంటే చెవుల్లో వెంట్రుక ఎక్కువ. కోసిన జీవాలు కుళ్లకుండా వేసే మందులో నానీ నానీ వేళ్ల కొసలు తెల్లబడి, పండిన పొట్లకాయ తొక్కలా ముడుచుకున్నాయి. ఏ సబ్బుకూ పోని వాసన ఒకటి ఆ చేతికి పట్టుకుంది. చిన్నప్పుడు కూతురు ఆ చేతి ముద్ద తినేది కాదు. ఊర్లో రాగులు విత్తే రోజున అతన్ని ఎవరూ కూలికి పిలవరు. పోనీ అని తానే పోయి నిలబడితే, "నువ్వు కాలేజీ మనిషివి గదప్పా, నీకెందుకీ మట్టి పని" అని మర్యాదగా గట్టు మీదే ఆపేస్తారు. ఆ మర్యాద ఎందుకో అతనికి తెలుసు. కోలారు బంగారు గనుల ఊర్లోని ఆ కాలేజీ, అందులో జంతుశాస్త్రం ప్రయోగశాల తప్ప భూమ్మీద అతని చేతులకు ఇంకో పనిలేదు.

బస్సులో డబ్బా ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. లోపల కప్ప ఎగిరి మూతకు తగిలినప్పుడల్లా టక్కుమంటుంది.

"ఏమప్పా ఎల్లప్పా, ఈపొద్దు సాంబారులో ఏం కూర?" అన్నాడు కండక్టరు ఎప్పటిలాగే.

"బెండకాయ."

"బెండకాయ ఎగరతా ఉండాదే!"

బస్సంతా నవ్వింది. రోజూ ఎల్లప్ప కూడా నవ్వేవాడు. ఈరోజు పెదాలు సాగదీశాడంతే. బస్సు మలుపు తిరగ్గానే బంగారం తీసేసిన మట్టి పోసిన సైనైడు దిబ్బలు తెల్లగా కనబడ్డాయి. గని మూసేసి ఏళ్లయినా, గాలి లేస్తే ఆ పొడి లేచి ఊరిమీద పడుతూనే ఉంటుంది. గని బావి పైన ఇనుప చట్రం మీద కదలని చక్రాలు చూస్తూ డబ్బాను దగ్గరికి లాక్కున్నాడు. అంత పెద్ద గనే ఒకనాడు అందర్నీ ఇంటికి పొమ్మన్నది. తానెంత?

భయం వేసవి సెలవుల తర్వాత మొదలైంది. పాఠం చెప్పడంలో కొత్త యంత్రాలను కొత్త తీరుగా వాడే కాలేజీలకు విశ్వవిద్యాలయం గ్రాంటు ఇస్తానన్నది. శ్రీకంఠ అనే కుర్ర లెక్చరరు రాత్రింబగళ్లు కూర్చుని అర్జీ రాశాడు. కప్పను చంపకుండా కంప్యూటరులోనే కోసి చూపిస్తామన్నాడు. మొదటి విడత గ్రాంటు రానే వచ్చింది. కప్పను పడుకోబెట్టి కోసే మైనపు పలకలు పెట్టే బల్లల మీదికి కంప్యూటర్లొచ్చాయి, కిటికీలకు నల్ల పరదాలొచ్చాయి. రెండో విడత ఇవ్వాలా వద్దా అని చూసేందుకు విశ్వవిద్యాలయం కమిటీ ఈరోజు వస్తున్నది. పాత పద్ధతి, కొత్త పద్ధతి పక్కపక్కన చూపించడానికి ఒక కప్ప కావాలి. ఒక్కటే.

ప్రయోగశాలలో సెలీనా మేడమ్ పరదాలు సరిచేస్తూ ఉంది. శాఖకు ఆమే పెద్ద. నాన్న గనిలో దిగి పనిచేసినవాడు. గని కార్మికుల లైను ఇండ్లలో పుట్టి పెరిగిన మనిషి కాబట్టి ఎల్లప్పను ఏనాడూ చిన్నచూపు చూడలేదు.

"దొరికిందా ఎల్లప్పా?"

"దొరికిందమ్మా. చిన్నది." డబ్బా బల్లమీద పెట్టాడు. "అమ్మా, ఇది బాగా జరిగితే ఇంగ కప్పలొద్దంటారా?"

ఆమె పరదా కొక్కెం వైపు చూస్తూనే అన్నది. "వద్దనే అంటారు."

"నేను?"

"ప్రిన్సిపాల్‌తో మాట్లాడతాను. తోటపనో, ఊడ్చే పనో..."

"దానికి మనుషులుండారు గదమ్మా."

"ఉండారు."

"గని మూసేసినప్పుడు మీ నాయన ఏం చేసినాడమ్మా?"

"ఏం చేస్తాడప్పా," అంది సెలీనా మేడమ్. "వాకిట్లో కుర్చీ ఏసుకొని కూర్చున్నాడు. పోయేదాకా కూర్చున్నాడు."

ఆమె బయటికి వెళ్లాక గదిలో ఎల్లప్ప, డబ్బాలో కప్ప, బల్లమీద నల్లగా మూసుకున్న తెర మిగిలారు. తెర వెనకనుంచి ఒక తీగ గోడలోకి పోతున్నది. ఊరికే చూశాడు. మళ్లీ చూశాడు. లాగితే ఊడేటట్టే ఉంది. ఎలుక కొరికిందనుకుంటారు. చెయ్యి చాచి వేలితో ముట్టాడు. వెచ్చగా ఉంది, బతికినదాని ఒళ్లులాగా. వేలు అక్కడే ఉంచాడు.

"ఓయ్, దాన్ని ముట్టద్దప్పా!" గుమ్మంలో శ్రీకంఠ. "ఏం చేస్తా ఉండావు ఆడ?"

"దుమ్ము సార్. సైనైడు దుమ్ము."

శ్రీకంఠ అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "నువ్వు ఆ పక్క నిలబడు. పిలిస్తేనే రా."

మధ్యాహ్నం కమిటీ వచ్చింది. పెద్దాయన పేరు బదరీనాథ్. తెల్లటి తల, మెత్తటి మాట. ప్రిన్సిపాల్ ఆయన వెనకే చేతులు కట్టుకొని నడిచాడు. బీఎస్సీ పిల్లలు గోడవారగా నిలబడ్డారు. ఎల్లప్ప ఆ పక్కన తన చిన్న బల్ల ముందు నిలబడ్డాడు. దానిమీద మూత తీయని డబ్బా, మత్తుమందు జాడీ, చెంబునిండా నీళ్లు.

ఆ చెంబు సంగతి పిల్లలకు తెలుసు, మేడమ్‌కూ తెలుసు. ఇంతవరకూ ఎవరూ దాన్ని గురించి మాట్లాడలేదు. జాడీలో వేసేముందు ప్రతి కప్ప మీద ఎల్లప్ప పుడిసెడు నీళ్లు పోస్తాడు. ఆ తడి వేళ్లు కళ్లకద్దుకుంటాడు. కప్పతల్లికి ఊర్లో ఆడవాళ్లు నీళ్లు పోసినట్టే. ఏం తల్లీ, తిట్టుకోవద్దు, అని లోపల అనుకుంటాడు. మొదటి రోజు భయానికి చేసిన పని అది. తర్వాత చెయ్యి దానంతటది నేర్చుకున్నది.

శ్రీకంఠ మీట నొక్కాడు. పరదాలు మూసిన గదిలో తెర వెలిగింది. ఆకుపచ్చటి కప్ప ఒకటి ముందుకాళ్లు ఆనించి కూర్చుని ఉంది. గొంతుకింద చర్మం పైకీ కిందికీ ఆడుతున్నది. కళ్లు తడిగా మెరుస్తున్నాయి. పిల్లలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు. నిజం కప్పను జాడీలో వేసేముందు ఎప్పుడూ అట్లనే నిశ్శబ్దమైపోయేవాళ్లు.

"దగ్గరికి రాప్పా, నువ్వు కూడా చూడు," అన్నాడు బదరీనాథ్ దయగా.

ఎల్లప్ప వచ్చాడు.  పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలన్నట్టు బల్లమీది చెంబు చేతిలో ఉంది. కప్ప అతన్నే చూస్తున్నది. దాని గొంతు ఆడింది. ఇదే గదా నా కూడు తీసేది, అనుకున్నాడు. ఇదే గదా. చెయ్యి ముందు పోయింది, తెలివి వెనక వచ్చింది. పుడిసెడు నీళ్లు తెరమీద పడి, జారి, కింద మీటల సందుల్లోకి ఇంకిపోయాయి. తడి వేళ్లు కళ్ల దాకా వచ్చి ఆగిపోయాయి.

చిటుక్కుమన్నది. కప్ప పోయింది. గది చీకటి.

"చూసినారా సార్, కావాలనే చేసినాడు!" శ్రీకంఠ గొంతు చీరుకుపోయింది. "పొద్దున వైరు పీకబోతా ఉంటే నేనే చూసినాను."

పరదా తీశారు. వెలుతురులో అందరూ ఎల్లప్పను చూశారు. ఎల్లప్ప సెలీనా మేడమ్‌ను చూశాడు. ఆ నీళ్లు ఎందుకో ఆమెకు తెలుసు. ఒక్క మాట చెబితే చాలు. ఆమె నోరు తెరవబోయి ప్రిన్సిపాల్ ముఖం చూసింది, కమిటీ వాళ్ల కండువాలు చూసింది. సైన్సు ప్రయోగశాలలో కప్పకు దండం పెట్టించారా అని అడిగితే ఏం చెబుతుంది? కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టింది.

ఇంకో కంప్యూటరు తెచ్చి పెట్టారు. ఈసారి ఎల్లప్పను గుమ్మం అవతల నిలబెట్టారు. అక్కడినుంచి తెర కనబడదు, మాటలు వినబడతాయి. చర్మం, కండలు, గుండె. మళ్లీ మొదటికొస్తే కప్ప మళ్లీ బతికి కూర్చుంటుందట. చప్పట్లు కొట్టారు. డబ్బా మూత ఎవరూ తీయలేదు. ఒక్కటి చాలన్న ఆ ఒక్క కప్ప కూడా అక్కరకు రాలేదు.

రెండో విడత గ్రాంటు వచ్చినట్టేనని కాఫీలు తాగుతూ అనుకున్నారు. ప్రిన్సిపాల్ బయటికి వచ్చి, గొంతు పెంచకుండా, రేపటినుంచి రావద్దని చెప్పాడు. ఎల్లప్ప తలూపాడు. విచిత్రం, పొద్దుటినుంచి వదలని భయం ఎక్కడో జారిపోయింది. ఎత్తు మీదినుంచి పడతామని వణికినవాడు పడిపోయాక ఇంకెందుకు వణుకుతాడు?

లోపలికి పోయి ప్రయోగశాల తాళంచెవి మొలతాడునుంచి విప్పి బల్లమీద పెట్టాడు. సెలీనా మేడమ్ దానివైపు చూడలేదు. మూల కుర్చీలో కాఫీ కప్పుతో కూర్చున్న బదరీనాథ్‌కు మనసులో ఏదో నలిగినట్టుంది.

"ఏమనుకోకప్పా," అన్నాడు. "ఇన్నేండ్లూ ఇక్కడ నీ పనేముండె?"

ఎల్లప్ప గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగాడు.

"చంపేది సార్. మీరంతా కోసేది నేర్చుకొన్నారు, చంపేది నాకొదిలిపెట్నారు."