నీలం గడ్డమీద ఎర్ర స్వెటర్

హాల్‌స్టెడ్ కాలేజీ బాస్కెట్‌బాల్ హాలు, ఆ ఫీల్డ్‌హౌస్, ఏ ఏడాది కట్టారో ఇప్పుడు సరిగ్గా చెప్పేవాళ్ళు లేరు. ఇటుక గోడలు, చెక్క మెట్లు, వార్నిష్ వాసన, తాతల కాలం నాటి గెలుపు జెండాలు. అమెరికాలోని కాన్సాస్ గోధుమచేల మధ్య ఆ ఊరంతా కాలేజీ జట్టు రంగు నీలం. వర్లిన్ స్టకీ ఒక్కడే ఎరుపు. పక్క జిల్లాలోని ఆర్డెల్ కాలేజీలో చదువుకున్న పాపానికి ఆ రంగు ఒంటికి పట్టింది, ముసలితనం వచ్చినా వెలవలేదు.

అలాంటివాడు నీలం పిల్లను ఎలా కట్టుకున్నాడంటే, ఏం చెప్పాలి? బాస్కెట్‌బాల్ అన్నాక బుట్టలో పడటం తప్పదు. ఇతను మార్లిస్ బుట్టలో పడ్డాడు. అయితే శత్రువు కొంపలో కాలు పెట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆటలున్న రోజుల్లో భార్యను గుమ్మం దగ్గర దింపి, తను బయట పికప్పులో రేడియో వింటూ కూర్చునేవాడు. ఆర్డెల్‌తో ఆట అయితే మార్లిస్ తిరిగొచ్చి తలుపు ధడాలున వేసేది. "ఒరే ఎర్రమొహమా! మీవాళ్ళు ఆడేది ఆటా, దొమ్మీనా?" అని మొదలుపెడితే ఇల్లు చేరేదాకా తిట్లే. ఆ తిట్లు తింటేగాని ఇతనికి రాత్రి భోజనం దిగేది కాదు.

వసంతంలో మార్లిస్ పోయింది. ఈసారి చలికాలం చెలి లేని కాలమైంది. ఏడాది ఆటలన్నిటికీ ఆమె కట్టుకున్న కుర్చీ టికెట్లు మాత్రం ఎప్పటిలా ఇంటికి వచ్చాయి. ఫీల్డ్‌హౌస్‌లో ఆమె పక్క కుర్చీలో కూర్చునే లవోన్ ఫోన్ చేసింది. "వచ్చే ఏటికి మీకు వద్దనుకుంటే మా అమ్మాయి క్రిస్టల్ తీసుకుంటుందండీ. తొందరేం లేదు."

వర్లిన్ అవుననలేదు, కాదనలేదు. ఆర్డెల్‌తో ఆట రోజున ఎర్ర స్వెటర్ తొడుక్కుని బయల్దేరాడు. ఆ కొట్టాంలో ఒక్కడంటే ఒక్కడు తనను మార్లిస్‌లా కడుపారా తిడితే చాలు, కుర్చీ ఉంచేసుకుందామనుకున్నాడు.

"రండి వర్లిన్ గారూ," అంది లవోన్. అవతలి పక్క కుర్చీలోని ఓర్విల్ తన మెత్త తీసి ఇతని కుర్చీలో వేశాడు. స్వెటర్ వంక ఎవరూ చూడలేదు. ఆ "గారు" గారాబంలా కాదు, గాయంలా తగిలింది.

అక్కడో ఆచారం ఉంది. తమవాళ్ళు మొదటిసారి బంతి బుట్టలో వేసేదాకా హాలంతా నిలబడాల్సిందే. ఆట మొదలైంది. అందరూ లేచారు. వర్లిన్ కావాలనే కూర్చున్నాడు. పాతరోజుల్లో అయితే అలా కూర్చున్నవాడి నెత్తిన పాప్‌కార్న్ వాన కురిసేదని మార్లిస్ చెప్పేది. పైగా ఆ పూట నీలంవాళ్ళకు బంతి అంచు తాకడమే గాని లోపల పడటం లేదు. నిమిషాలు గడుస్తున్నాయి. ఊరు ఊరంతా నిలబడి ఉంది, ఒక్కడు కూర్చుని ఉన్నాడు. ఎదురుగా వీపులు, వీపుల వెనక వీపులు. వీటిలో ఏదో ఒకటి తిరిగి, ముఖమై తనను కరవకపోతుందా అని చూశాడు.

ఓర్విల్ వంగాడు. "మోకాళ్ళ నొప్పులా?"

"నొప్పి కాదు, పొగరు!"

"అలాగే, అలాగే. కూర్చోండి." భుజం తట్టాడు.

ఎట్టకేలకు బంతి పడింది. పైకప్పు అదిరింది. అందరూ కూలబడ్డారు.

విరామంలో లవోన్ చిల్లీ అనే మాంసం పులుసు గిన్నె, దాల్చినచెక్క రొట్టె తెచ్చిపెట్టింది. "ఆర్డెల్ గురి తప్పినప్పుడల్లా మార్లిస్ అదిగో ఆ గోడవైపు తిరిగి పిడికిలి ఊపేదండీ. గోడవతల మీరున్నారట."

వర్లిన్ ఆ గోడవంక చూశాడు. రొట్టె పక్కన పెట్టి, మాటల కత్తి దూశాడు. "మీ పొడుగువాడున్నాడే, నిలబడితే కరెంటు స్తంభం, కదిలితే చెడిపోయిన ట్రాక్టరు!"

"నిజమేనండీ, పాపం," అంది లవోన్.

తిట్టమని అడుక్కోవడం ఇంత కష్టమని అతనికి తెలియదు.

చివరి క్షణంలో ఆర్డెల్ కుర్రాడు విసిరిన బంతి పడింది. ఒక్క పాయింటుతో గెలుపు! వర్లిన్ ఎగిరి, "హో!" అని అరిచాడు. ఆ నిశ్శబ్దంలో ఆ అరుపు తప్పిపోయిన దూడలా తిరిగింది. చుట్టుపక్కలవాళ్ళంతా ఇటు చూశారు. వర్లిన్ ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. ఇప్పుడనండి, ఇప్పుడు!

ఓర్విల్ చెయ్యి కలిపాడు. "మీరొచ్చారని మార్లిస్ సంతోషించేది."

"సంతోషమా? చెప్పు విసిరేది!"

లవోన్ కళ్ళు తుడుచుకుంది. వర్లిన్ మెల్లగా కూర్చున్నాడు. జనం కదులుతుంటే అడిగాడు, "మీ క్రిస్టల్ నోరెలాంటిది?"

లవోన్ సిగ్గుపడింది. "దాని నోటితోనే చస్తున్నామండీ. పిల్లల ఆటల్లో రిఫరీని అనరానివి అన్నదని స్కూలువాళ్ళు గేటు బయట నిలబెట్టారు. పాస్టర్ గారు ఇంటికొచ్చి మరీ చెప్పి వెళ్ళారు."

"మానిందా?"

"ఆయన్ని కూడా అంది."

"అయితే కుర్చీ ఆమెదే."

"మరి మీరు? అప్పుడప్పుడైనా వస్తారుగా?"

"ఇక్కడ మీరంతా మరీ మంచివాళ్ళమ్మా," అని లేచాడు వర్లిన్.

మెట్లమీద జనం కిక్కిరిసి ఉన్నారు. ఓడినవాళ్ళు, ఉక్రోషంగా ఒకరినొకరు తోసుకుంటూ దిగుతున్నారు. ఎర్ర స్వెటర్ కనబడగానే పక్కకు జరిగి, టోపీలు తీసి, అతనికి దారి ఇచ్చారు. ఒక్క మోచెయ్యి కూడా తగల్లేదు.