కొండలయ్య మాటు లెక్క

ఉదయగిరిలో పాత నూనెడబ్బాల చిల్లులకు మాటు పెట్టించి అమ్మే కొండలయ్యకు, కారడం గురించి తనకు తెలియనిది లేదని గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని పెళ్లాం రాహేలమ్మ మీద కూడా ప్రయోగించాడు.

గర్భసంచి తీయించుకుని ఇంటికొచ్చిన వారానికే ఆమెకు తడి మొదలయింది. ఊరికే కూర్చున్నా మూత్రం కారి చీర తడుస్తోంది. చర్చికి పోవడం మానేసింది. అక్కడ ఆడవాళ్లంతా ఒకే చాప మీద ఒరుసుకుని కూర్చుంటారు మరి. పోయేది ఆగకపోతే వచ్చేది తగ్గించాలని కొండలయ్య లెక్క వేశాడు. చెంబు తన దగ్గర పెట్టుకుని పూటకొక గ్లాసు నీళ్లు కొలిచి పోశాడు. తడి ఆగలేదు, పైగా మంట వచ్చి కూర్చుంది. ఏ వ్యాపారంలోనూ ఆయన ఇంత తెలివిగా నష్టపోలేదు.

ఆత్మకూరు డాక్టరమ్మ కృపారాణి మూత్రసంచిలోకి నీలిరంగు నీళ్లు ఎక్కించి, యోనిలో పెట్టిన దూది తీసి చూపించింది. నీలంగా ఉంది. కొండలయ్య నోరెళ్లబెట్టాడు. డబ్బాలో చిల్లి ఎక్కడుందో కనిపెట్టడానికి ఆయనా నీలిమందు నీళ్లే పోస్తాడు! గర్భసంచి కోసేటప్పుడు ఆనుకుని ఉన్న మూత్రసంచికి చిల్లి పడిందనీ, లోపలి వాపు తగ్గాక, మూడు నెలలకు కుడితేనే అతుక్కుంటుందనీ, అందాకా నీళ్లు బాగా తాగాలనీ డాక్టరమ్మ చెప్పింది. నీళ్లు తగ్గించిందెవరని అడిగితే కొండలయ్య గోడ మీది క్యాలెండరు చదువుకున్నాడు.

అయినా బుద్ధి ఊరుకోలేదు. ఈరోజే కుట్టేయమని బేరం పెట్టాడు.

అప్పటిదాకా తల వంచుకున్న రాహేలమ్మ నోరు విప్పింది. “తుప్పు గీకకుండా మాటు పెడితే నిలవదని గిరాకీలకి చెప్తావే. నేను డబ్బాకన్నా తీసిపోయినానా?”

బేరం అక్కడితో ముగిసింది. మూడు నెలలూ చెంబు నింపి ఇచ్చింది ఆయనే, తడిగుడ్డలు ఉతికిందీ ఆయనే. మొదట్లో తలుపు వేసుకుని ఉతికాడు, తర్వాత వీధిలోనే ఆరేశాడు.

నెల్లూరు నుంచి వచ్చిన సర్జన్ కుట్టాడు. కొన్నాళ్లకు, మూత్రం పోవడానికి పెట్టిన గొట్టం తీసి, మరో రెండు దినాలు చూసి ఇంటికి పొమ్మన్నారు. ఆత్మకూరు డిపోలో బస్సెక్కిన రాహేలమ్మ సీటు మీద గుడ్డ పరవలేదు. ఉదయగిరిలో ఆమె లేవగానే కొండలయ్య వంగి సీటు మీద అరచెయ్యి ఆనించాడు. మూలలు కూడా తడిమాడు. పొడిగా ఉంది.

“ఏందయ్యా, డబ్బా కొనే గిరాకీ మాదిరి తడిమి చూస్తా ఉండావా?” అంది రాహేలమ్మ, కండక్టరు వింటూ ఉండగానే. “దిగు. దప్పికగా ఉండాది. సోడా తాపిస్తావా, అదీ కొలిచి పోస్తావా?”

కొండలయ్య రెండు సోడాలు చెప్పాడు. రెండూ ఆమెకే.